చక్రానికీ బండికీ మధ్య జానెడు జాగా

కావిడి మోసే మనిషి పక్కన నాలుగడుగులు నడిచి చూడండి. అడుగు పడ్డప్పుడల్లా అతని భుజం కిందికి దిగి పైకి లేస్తుంది. వెదురు బద్ద నడుము కూడా దాంతోపాటే ఊగుతుంది. రెండు చివర్లా వేలాడే తట్టలు మాత్రం నేలకు దాదాపు ఒకే ఎత్తున సాగిపోతుంటాయి. భుజం ఎగుడుదిగుళ్లను బద్ద తన వంపులో దాచుకుని తట్ట దాకా పోనివ్వదు. బద్దకు బదులు ఇనప గొట్టం ఇచ్చి అదే బరువు మోయమంటే పది అడుగులకే భుజం నొప్పెడుతుంది.

కారు కింద సస్పెన్షన్ చేసేది ఈ పనే. అక్కడ భుజం స్థానంలో రోడ్డు ఉంటుంది, తట్టలో మనం కూర్చుంటాం.

పలాసలో ఒకాయన దగ్గర తండ్రి కాలం నాటి అంబాసిడర్ ఉందనుకుందాం. ఇంజిను బాగుచేయించాడు, కొత్త రంగు వేయించాడు. నేలకు అతుక్కున్నట్టు దించిన పాత కార్ల ఫొటోలు చూసి తన బండినీ రెండంగుళాలు దించాలని ముచ్చటపడ్డాడు. షెడ్డుకు తీసుకెళ్తే మేస్త్రి అడిగే మొదటి మాట ఇలా ఉంటుంది: "పట్టీలు తీసీమంటారా బాబూ, దిమ్మలెట్టీమంటారా?"

జవాబు చెప్పేముందు ఆ రెండంగుళాలూ ఎక్కణ్నుంచి వస్తున్నాయో చూడాలి. చక్రం పైకి లేవడానికి బండి కింద కంపెనీవాళ్లు వదిలిన ఖాళీలోంచే అవి వస్తాయి. ఆ ఖాళీ మహా అయితే జానెడు ఉంటుంది. కారు దించడమంటే అందులో కొంత అమ్ముకోవడం. కొత్తగా కొనే ప్రతి భాగమూ ఆ అమ్మకంలో వచ్చిన నష్టాన్ని పూడ్చడానికే.

అంబాసిడర్ కింద ఏముంది

బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు మూడో శ్రేణి ఆధారంగా హిందుస్థాన్ మోటార్స్ 1950ల చివర్లో అంబాసిడర్‌ను తెచ్చింది. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో 2014 మేలో ఉత్పత్తి ఆగింది. అర్ధ శతాబ్దంలో ముఖం మారింది, ఇంజిన్లు మారాయి. వెనక ఇరుసును మోసే కమాను పట్టీలు మాత్రం అలాగే ఉండిపోయాయి.

ముందు భాగంలో మామూలు చుట్టల స్ప్రింగు కనిపించదు. బండి పొడవునా పడుకోబెట్టిన ఒక ఉక్కు కడ్డీ ఉంటుంది. పేరు టోర్షన్ బార్. చక్రం పైకి లేస్తే కడ్డీ ఒక చివర మెలి తిరుగుతుంది, రెండో చివర చాసిస్ భాగానికి కదలకుండా బిగించి ఉంటుంది. తడిగుడ్డ పిండితే చేతికి తగిలే ఎదురుబలం లాంటిదే ఇది. గుడ్డ విప్పుకోదు, ఉక్కు విప్పుకుంటుంది, అంతే తేడా.

ఆ రోజుల్లో దీనికి పోటీగా నడిచిన ప్రీమియర్ పద్మిని ఇటలీ ఫియట్ 1100 సంతానం. దానికి ముందు చుట్టల స్ప్రింగులు, వెనక కమాను పట్టీలు. ఈ రెండు కార్లనూ కలిపి చూస్తే స్ప్రింగు జాతులు మూడూ మన ముందుంటాయి: మెలితిరిగే కడ్డీ, చుట్ట, పట్టీ. మూడింటినీ దించే పద్ధతులు వేరు, మూడింటి దగ్గరా చేసే తప్పులూ వేరు.

5ను వర్గమూలంతో భాగిస్తే

స్ప్రింగు ఎంత కుంగితే అంత బలంతో ఎదురు తోస్తుందని రాబర్ట్ హుక్ 1678లో ప్రచురించాడు. సెంటీమీటరు కుంగడానికి 15 కిలోలు కావాలంటే, రెండు సెంటీమీటర్లకు 30 కిలోలు. ఈ 15ను స్ప్రింగు గట్టిదనం అందాం.

బండిని ఒకసారి నొక్కి వదిలితే సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో తెలుసుకోవడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. బరువు పడకముందు ఉన్న ఎత్తు నుంచి, బరువు పడ్డాక స్ప్రింగు ఎన్ని సెంటీమీటర్లు కుంగిందో కొలవాలి. 5ను ఆ అంకె వర్గమూలంతో భాగించాలి. 25 సెంటీమీటర్లు కుంగితే సెకనుకు ఒక ఊపు. 5 సెంటీమీటర్లే కుంగితే రెండు ఊపులకు కాస్త పైన.

సెకనుకు ఒకటి, ఒకటిన్నర ఊపుల మధ్య మనకు హాయిగా ఉంటుంది. నడకలో ఒళ్లు ఊగే వేగానికి అది దగ్గర. సెకనుకు అర ఊపు కంటే తగ్గితే పడవలో లాగా కడుపులో తిప్పుతుంది. నాలుగు నుంచి ఎనిమిది ఊపుల మధ్య కూర్చున్న మనిషి వెన్నూ పొట్టా ఆ ఊపుకు తోడై తామూ ఊగడం మొదలుపెడతాయి. సస్పెన్షన్ డిజైనర్లు ఆ మండలానికి వీలైనంత దూరంగా ఉంటారు.

టెక్కలి చుట్టుపక్కల గ్రానైట్ దిమ్మలు మోసే లారీలో ఈ తేడా బాగా తెలుస్తుంది. దాని పట్టీలు పదుల టన్నుల కోసం కట్టినవి. దిమ్మ ఎక్కితే అవి బాగా కుంగి, బండి నిదానంగా ఊగుతుంది. దిమ్మ దించి ఖాళీగా వచ్చేటప్పుడు అవే పట్టీలు కుంగనే కుంగవు. అందుకే ఖాళీ లారీ చిన్న గతుక్కి కూడా ఎగిరిపడుతుంది.

రెండంగుళాలకు అసలు ధర

ఇప్పుడు మన అంబాసిడర్ దగ్గరికి వద్దాం. లెక్క సులువుగా ఉండటానికి ఒక్కో చక్రం మీద 300 కిలోలు, స్ప్రింగు గట్టిదనం సెంటీమీటరుకు 15 కిలోలు అనుకుందాం. అంటే 20 సెంటీమీటర్లు కుంగింది, సెకనుకు 1.1 ఊపు, సుఖమైన బండి. చక్రం ఇంకా పైకి లేవడానికి, అంటే చక్రాన్ని ఆపడానికి బండి అడుగున ఉండే రబ్బరు బంపర్‌కు కొట్టుకునే లోపు, 8 సెంటీమీటర్ల ఖాళీ ఉందనుకుందాం.

గుంతలోంచి చక్రం పైకి తన్నినప్పుడు స్ప్రింగు మింగాల్సిన శక్తి కొంత ఉంటుంది. స్ప్రింగు మింగే శక్తి దాని గట్టిదనాన్ని బట్టీ, కదలిక వర్గాన్ని బట్టీ ఉంటుంది. కదలిక సగమైతే మింగే శక్తి పావు వంతుకు పడిపోతుంది. దాన్ని మళ్లీ మొదటి స్థాయికి తేవాలంటే గట్టిదనం నాలుగు రెట్లు కావాలి.

బండిని 4 సెంటీమీటర్లు, అంటే రెండంగుళాల లోపే, దించితే ఖాళీ 8 నుంచి 4కు వస్తుంది. అదే గుంతను అదే వేగంతో, రబ్బరుకు కొట్టుకోకుండా దాటాలంటే స్ప్రింగు సెంటీమీటరుకు 60 కిలోలది కావాలి. అప్పుడు ఊపు సెకనుకు 2.2. అంటే కావిడి బద్ద తీసి ఇనప గొట్టం పెట్టినట్టే. ఒక్క అంగుళం, 2.5 సెంటీమీటర్లు దించినా ఖాళీ 5.5కు తగ్గి, గట్టిదనం రెండు రెట్లు దాటాలి. ఊపు 1.6 దగ్గర ఆగుతుంది. కాస్త బిగువుగా ఉన్నా భరించవచ్చు.

మంచి రబ్బరు బంపర్లు కొంత శక్తి మింగుతాయి కాబట్టి నిజ జీవితంలో ఇంత కఠినంగా వెళ్లక్కర్లేదు. అయినా మొదటి అంగుళం ఒక ధరకు వస్తే రెండో అంగుళం దాని కన్నా ఎంతో ఎక్కువ ధరకు వస్తుందన్న సంగతి మారదు.

చీపురు పుల్లలు, కమాను పట్టీలు

పలాస చుట్టుపక్కల ఉద్దానంలో కొబ్బరి చెట్టు లేని పెరడు అరుదు. కాబట్టి తర్వాతి ప్రయోగానికి కావాల్సింది ఇంట్లోనే ఉంది. ఒక కొబ్బరి ఈనెను రెండు చేతులతో పట్టుకుని వంచండి. తర్వాత పది ఈనెలను వదులుగా కలిపి వంచండి. పది రెట్లు బలం పడుతుంది. ఈనెలు ఒకదాని మీద ఒకటి జారుతూ, దేనికది విడిగా వంగుతుంది. కమాను కట్టలో జరిగేదీ అంతే.

పది సన్నని పట్టీలకు బదులు అంతే దళసరి ఒకే దూలం పెడితే గట్టిదనం ఒక్క పట్టీకి పది రెట్లు కాదు, వెయ్యి రెట్లు. దళసరి ఘనంతో గట్టిదనం పెరుగుతుంది. అది వంగదు, విరుగుతుంది. పలచని పట్టీలను పేర్చడం వెనకున్న తెలివి ఇదే. 1804లో ఒబడయా ఎలియట్ ఇంగ్లాండులో గుర్రబ్బండ్లకు ఇలాంటి వంపు పట్టీల మీద పేటెంటు తీసుకున్నాడు. పట్టీల మధ్య రాపిడి వల్ల ఊపు కొంత తానే చల్లారుతుంది కూడా.

ఇప్పుడు మేస్త్రి ప్రశ్నలో మొదటి సగం. ఆరు పట్టీల కట్టలోంచి ఒకటి తీసేస్తే ఏమవుతుంది? బండి దిగుతుంది, నిజమే. కానీ గట్టిదనం దాదాపు ఆరో వంతు తగ్గుతుంది. ఖాళీ తగ్గినప్పుడు స్ప్రింగు గట్టిపడాలని ఇప్పుడే లెక్కేశాం. పట్టీ తీయడం దానికి సరిగ్గా ఎదురు దారి. పైగా తీసిన పట్టీ మోయాల్సిన ఒత్తిడి మిగిలిన వాటి మీద పడి, మెయిన్ పట్టీ ముందు విరుగుతుంది.

రెండో సగం, దిమ్మలు. ఇరుసు పట్టీల మీద కూర్చునే కార్లలో ఆ రెంటికీ మధ్య ఒక దిమ్మ పెట్టి, పొడవైన యూ బోల్టులతో బిగిస్తారు. దిమ్మ ఎంత మందమో బండి అంత దిగుతుంది, స్ప్రింగు గట్టిదనం మారదు. చవకైన పని, వెనక్కి తీసుకోగలిగిన పని కూడా. దీని ఇబ్బంది వేరే చోట ఉంది. బ్రేకు వేసినప్పుడు, గేరు మీద లాగినప్పుడు ఇరుసు తన చుట్టూ తాను తిరగాలని చూస్తుంది. ఆ తిరుగుడును ఆపేది పట్టీలే. దిమ్మ ఎత్తు పెరిగేకొద్దీ ఇరుసు చేతికి గునపం పొడుగైనట్టవుతుంది, పట్టీ ఎస్ ఆకారంలో మెలి తిరుగుతుంది. కాబట్టి దిమ్మ అంగుళం దాటకూడదు, చెక్కది కాకూడదు, ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు. పాత యూ బోల్టులు ఒకసారి సాగినవి, వాటిని మళ్లీ వాడకూడదు. కొత్తవి బిగించాక ఓ వంద కిలోమీటర్లు తిరిగి వచ్చి మరోసారి బిగించుకోవాలి.

అన్నిటికన్నా మంచి దారి మూడోది, పట్టీల వంపు తగ్గించి కట్టించడం. లారీలు ఆగే ప్రతి ఊళ్లోనూ కమాను పట్టీలు సరిచేసే షాపులు ఉంటాయి. పట్టీల సంఖ్య తగ్గదు, వంపు మాత్రం చదునవుతుంది. కావాలంటే ఒక పట్టీ కలిపి గట్టిదనమూ పెంచుకోవచ్చు. ఒక్క జాగ్రత్త: వంపు పోయిన పట్టీ పొడుగవుతుంది, వెనక వేలాడే షాకిల్‌ను వెనక్కి నెడుతుంది. బండి నేల మీద ఉన్నప్పుడు షాకిల్ ముందుకూ వెనక్కూ ఆడగలిగే కోణంలో ఉందో లేదో చూసుకోవాలి.

కడ్డీ తిప్పడం, చుట్ట కోయడం

అంబాసిడర్ ముందు భాగం దించడానికి కొత్త భాగం కొననే అక్కర్లేదు. టోర్షన్ బార్ వెనక చివర బిగించిన కోణాన్ని మారిస్తే చాలు, ముక్కు దిగిపోతుంది. ఇంత సులువుగా ఉండటమే ఇందులో ప్రమాదం. కోణం మారినా కడ్డీ గట్టిదనం అలాగే ఉంటుంది, చక్రానికి ఉన్న ఖాళీ మాత్రం తగ్గిపోతుంది. గట్టిదనం పెరగాలంటే కడ్డీ లావు పెరగాలి. అది లావు నాలుగో ఘాతంతో పెరుగుతుంది కాబట్టి కొంచెం చాలు. పదో వంతు లావెక్కితే గట్టిదనం 46 శాతం పెరుగుతుంది.

పద్మిని చుట్టల స్ప్రింగును కోయించేవాళ్లు ఉన్నారు. కోస్తే స్ప్రింగు మెత్తబడుతుందని చాలామంది అనుకుంటారు. జరిగేది తలకిందులు. చుట్టల సంఖ్య తగ్గితే గట్టిదనం పెరుగుతుంది. పనిచేసే ఎనిమిది చుట్టల్లో ఒకటి కోస్తే 14 శాతం, రెండు కోస్తే 33 శాతం. ఆ లెక్కన కోత తప్పు కాదు. కోసే పద్ధతే తప్పు. గ్యాసు మంటతో కోస్తే ఉక్కుకు వేడి తగిలి, ఫ్యాక్టరీలో ఎక్కించిన పదును పోతుంది. మంట పెట్టి చుట్టను కుంగదీయడం అంతకన్నా అన్యాయం. చుట్ట చివర చదును లేకపోతే తన గిన్నెలో సరిగా కూర్చోదు, బండిని జాకీ మీద లేపినప్పుడు ఊడి కింద పడొచ్చు. కొలతకు కొత్త స్ప్రింగు చేయించుకోవడమే మేలు.

లోహానికైనా చెట్టుకైనా వంగి తిరిగి రాగల హద్దు ఒకటుంది. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు మండలం పల్లిసారథి దగ్గర తీరం దాటింది. అప్పుడు ఉద్దానం కొబ్బరి చెట్లు ఈ హద్దు ఎలా ఉంటుందో చూపించాయి. ఏటా వచ్చే గాలులకు వంగి లేచే చెట్లే ఆ రోజు లేవలేదు. స్ప్రింగును దాని హద్దు దాకా తీసుకెళ్తే అదీ పాత ఎత్తుకు తిరిగి రాదు. కుంగిపోయిన పాత పట్టీలు అలాంటివే. కాబట్టి మీ అంబాసిడర్ ఎవరూ దించకుండానే అంగుళం దిగి ఉండొచ్చు. అందుకే పని మొదలుపెట్టే ముందు నాలుగు మూలలా ఎత్తు కొలుచుకోవాలి.

షాకబ్జర్ వంతు

షాకబ్జర్ బరువు మోయదు. ఊపులోని శక్తిని నూనెలో వేడిగా మార్చి ఆ ఊపును చల్లారుస్తుంది. పది మీటర్లకొక అల ఉన్న రోడ్డు మీద గంటకు 36 కిలోమీటర్ల వేగంతో వెళ్తే సెకనుకు ఒక తోపు తగులుతుంది. సెకనుకు ఒక ఊపు ఊగే బండికి అది ఉయ్యాలను సమయానికి తోసినట్టే. షాకబ్జర్ అరిగిపోయి ఉంటే బండి పడవైపోతుంది.

స్ప్రింగు గట్టిపడితే షాకబ్జరూ గట్టిపడాలి, కానీ అంతే రెట్లు కాదు. స్ప్రింగు రెండింతలైతే షాకబ్జర్ 1.4 రెట్లు చాలు. ఎక్కువ గట్టిదైతే చక్రం గుంతలోకి దిగే లోపే తర్వాతి గుంత వచ్చేస్తుంది. పొడవు విషయంలోనూ జాగ్రత్త పడాలి. దించిన బండికి పాత పొడవు షాకబ్జర్ పెడితే, రబ్బరు బంపర్ కంటే ముందు అదే అడుగు తాకి లోపలి పిస్టన్ దెబ్బతింటుంది. మడ్‌గార్డు మీద ఒంటి బరువు మోపి నొక్కి వదిలేయండి. బండి లేచి, ఒకసారి దిగి కుదుటపడితే షాకబ్జర్ బాగున్నట్టు.

స్పీడ్ బ్రేకర్ గణితం

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో ఇచ్చిన కొలతల ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. అంటే 17 మీటర్ల వ్యాసార్ధమున్న వృత్తంలో ఒక ముక్క. అంబాసిడర్ ముందు, వెనక చక్రాల మధ్య దూరం 2.46 మీటర్లు. ఆ కారు ఈ బ్రేకర్ నడుమ నిలబడితే నాలుగు చక్రాలూ దాని మీదే ఉంటాయి. చక్రాల గీత కంటే రోడ్డు నాలుగున్నర సెంటీమీటర్లే పైకి పొడుచుకొస్తుంది. బాగా దించిన కారు కూడా దాటేస్తుంది.

కానీ ఊళ్లల్లో ఇంటి ముందు వేసే మట్టి కట్ట, సిమెంటు దిమ్మ ఆ పుస్తకం చదవలేదు. మీటరు వెడల్పు, 15 సెంటీమీటర్ల ఎత్తు ఉంటే ముందు చక్రాలు దాటి కిందికి దిగిపోతాయి, వెనకవి ఇంకా ఎక్కి ఉండవు. మధ్యలో కారు కడుపు పూర్తి 15 సెంటీమీటర్ల కట్ట మీదుగా పోవాలి. జాతీయ రహదారి 16 మీద పలాస నుంచి టెక్కలి దాకా హాయిగా నడిచే ఎత్తు, హైవే దిగి నువ్వలరేవు వైపో అక్కుపల్లి బీచి వైపో తిరిగితే చాలకపోవచ్చు. ఎంత దించాలన్నది మీరు రోజూ దాటే అతి ఎత్తైన కట్టే నిర్ణయిస్తుంది. టేపు తీసుకుని ముందు దాన్ని కొలవండి. కారును కొలిచేటప్పుడు ఖాళీగా కాదు, ఐదుగురు ఎక్కి, డిక్కీలో బస్తా వేసి కొలవండి.

ఉప్పు గాలి

నౌపడ ఉప్పు మళ్ల పక్కగా వెళ్లేవాళ్లకు ఈ గాలి సంగతి చెప్పక్కర్లేదు. సెకనుకు ఒకసారి ఊగే స్ప్రింగు గంట ప్రయాణంలో 3,600 సార్లు వంగుతుంది. ఉప్పు తేమకు ఉక్కు మీద చిన్న తుప్పు గుంట పడితే, ఆ వంగుళ్లన్నీ అక్కడే పోగుపడి చీలిక మొదలవుతుంది.  కమాను పట్టీల మధ్య ఇసుకా ఉప్పూ ఇరుక్కుని బయటికి కనిపించకుండా తినేస్తాయి. ఏడాదికోసారి కట్ట విప్పి, తోమి, గ్రాఫైట్ గ్రీజు రాసి కట్టాలి. చుట్టల స్ప్రింగు మీద మెరిసే రంగు పెచ్చు లేస్తే దాని కింద ముందుగా చూడాలి.

వరస తప్పొద్దు

ముందు టైర్లు, చక్రాలు ఎంచుకోవాలి. ఎత్తు లెక్క అక్కడే మొదలవుతుంది. తర్వాత ఎంత దించాలో నిర్ణయించాలి, అంగుళం చాలంటే అంగుళంతోనే ఆగాలి. ఆ తర్వాత స్ప్రింగులు, వాటికి జోడైన షాకబ్జర్లు, పొట్టి రబ్బరు బంపర్లు, కొత్త బుష్‌లు. చివర్లో అలైన్‌మెంట్ తప్పనిసరి. బండి దిగితే స్టీరింగు నుంచి చక్రానికి వెళ్లే రాడ్ల కోణం మారుతుంది. అది సరిచేయకపోతే గుంతలో చక్రం లేచినప్పుడల్లా స్టీరింగు తనంతట తానే కాస్త తిరుగుతుంది.

కాగితాల సంగతీ ఉంది. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లోని వివరాలు తయారీదారు మొదట పేర్కొన్న వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 50 ఏళ్లు దాటిన కార్లకు కేంద్రం 2021లో తెచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ కావాలంటే బండి అసలు రూపంలో ఉండాలి. అందుకే తీసిన ప్రతి భాగాన్నీ గోనెసంచిలో కట్టి దాచుకోవడం మంచిది.

పని అయ్యాక ఒక పరీక్ష ఉంది, ఖర్చు లేనిది. నాలుగు రబ్బరు బంపర్ల మీదా వేలెడంత గ్రీజు పూయండి. బండి నిండా మనుషుల్ని ఎక్కించుకుని, రోజూ వెళ్లే దారిలోనే, రోజూ వెళ్లే వేగంతోనే సముద్రం దాకా పోయి రండి. ఇంటికొచ్చి టార్చిలైటు పట్టుకుని కిందికి వంగి చూడండి. గ్రీజు పూసినట్టే ఉంటే మీరు అమ్ముకున్నది తక్కువే. ఎదుటి ఇనుము మీద దాని ముద్ర పడి ఉంటే, మేస్త్రికి ఫోన్ చేసి దిమ్మ అర అంగుళం తగ్గించమని చెప్పండి.